చెస్ట్ నంబర్ కింద రెండు చొక్కాలు

మా ముత్తాత వేంకట నరసింహారావు గారు నల్లగొండ వైపు పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత రాఘవరావు గారు నారాయణగూడలో రెండంతస్తుల ఇల్లు కట్టించి, వానాకాలం ఊళ్లోనూ మిగతా కాలం పట్నంలోనూ గడిపేవారు. ఆయన ఎన్నడూ బట్టల దుకాణం మెట్లెక్కలేదు. వ్యాపారులే మూటలతో వచ్చి మా హాల్లో తానులు పరిచేవారు. దర్జీ వరండాలో కూర్చుని, కొలతలకు లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఎదురుచూసేవాడు. నాన్నగారి కాలంలో భూములు పోయాయి, ఇల్లు వాటాలైంది. ఆ వంశంలో మెడలో టేపు వేసుకున్న మొదటివాణ్ని నేను. సిగ్గుపడి ఈ మాట చెప్పడం లేదు, గొప్పకూ చెప్పడం లేదు. ఎవరు చెబుతున్నారో పాఠకులకు తెలిస్తే, ఏం చెబుతున్నారో సులువుగా తెలుస్తుంది.

చిక్కడపల్లిలో లైబ్రరీకి పోయే దారిలో మా దుకాణం. ఆటలకూ వ్యాయామానికీ వేసుకునే బట్టలు కుడతాను. టెక్స్‌టైల్ డిప్లొమా చేసి, కొన్నేళ్లు ఒక నిట్టింగ్ మిల్లులో పనిచేసి వచ్చి ఈ షట్టర్ తెరిచాను. నిట్టింగ్ అంటే మగ్గం మీద నేసింది కాదు, అల్లిన బట్ట. టీషర్టులన్నీ ఆ జాతివే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు. సర్కారు ఉద్యోగాలకు చదువుతుంటారు. రాత పరీక్ష గట్టెక్కాక దేహదారుఢ్య పరీక్ష ముందుకొస్తుంది. అప్పుడు గుర్తుకొస్తాము మేము.

కరోనాకు ముందటి ఎండాకాలంలో ఒక అమ్మాయి వచ్చింది. పేరు రేణుక. అచ్చంపేట దగ్గర, నల్లమల అంచున ఊరు. అడవి శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష నెగ్గింది. ఇక నడక పరీక్ష మిగిలింది. ఆడవాళ్లు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. వయోపరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. అది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత తెలిసింది.

మా దుకాణంలో కుర్చీ ఉంటుంది. కొనేవాళ్లను నిలబెట్టి మాట్లాడటం నాకు అలవాటు లేదు. కూర్చోమన్నాను. ఆమె అంచు మీద కూర్చుని, కాటన్ టీషర్ట్ కావాలని అడిగింది. ఎందుకు కాటనే అన్నాను.

"ఎండల కాటనే మంచిదని మా అమ్మ చెప్పింది సార్."

"ఇంట్ల కూసున్నప్పుడు మీ అమ్మ మాటే నిజమమ్మా. నాలుగు గంటలు నడిచెటప్పుడు లెక్క వేరే ఉంటది."

మెష్ బట్ట తీసి చూపించాను. సన్నటి రంధ్రాలతో అల్లిన పల్చటి పాలిస్టర్. ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసి, మర్యాదగానే నవ్వింది.

"పాలిస్టర్ అంటె ప్లాస్టికే గద సార్. ప్లాస్టిక్ ఏసుకుని పోతె అడివిల రానిస్తరా?"

నాకు నవ్వు తొందరగా రాదు. ఆ రోజు వచ్చింది.

ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. నడిచేటప్పుడు కండరాలు పనిచేస్తాయి, లోపల వేడి పుడుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి శరీరం చెమట పోస్తుంది. చెమట పోసినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరాలి. ఆరేటప్పుడే అది వేడిని తీసుకుపోతుంది. నూలు బట్ట చెమటను తాగేసి తనలో ఉంచుకుంటుంది. ఇంట్లో, ఫ్యాను కింద, కొద్దిపాటి చెమటకు అది హాయే. గంటల తరబడి నడిస్తే మాత్రం తడిసి బరువెక్కుతుంది, వీపుకు అతుక్కుంటుంది, గాలి ఆడనివ్వదు. పల్చటి పాలిస్టర్ మెష్ నీటిని తాగదు. పోగుల సందుల గుండా పైకి లాగి బట్ట వెలుపలి ముఖం మీద పరుస్తుంది. అక్కడ గాలి తగిలి ఆరిపోతుంది. అన్ని పాలిస్టర్లూ అలా ఉండవు. మందంగా, బిగుతుగా అల్లిన పాలిస్టర్ నూలు కన్నా ఘోరం. అందుకే మేము జీఎస్ఎం చూస్తాం. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. కొనేవాళ్లకు ఆ లెక్క చెప్పను. బట్టను నోటికి ఆనించి ఊదమంటాను. ఊపిరి అవతలి అరచేతికి తగిలితే మంచి బట్ట.

నా మాట నమ్మమని ఎవరినీ బతిమాలను. మా దుకాణం పద్ధతి ఒకటుంది. పెద్ద పరీక్షకు పోయేవాళ్లకు రెండు రకాల నమూనా చొక్కాలు ఇస్తాను. ఒకనాడు ఒకటి, మరునాడు ఇంకొకటి వేసుకుని నడిచి, ఏది కావాలో వాళ్లే వచ్చి చెప్పాలి. రేణుక ఇందిరా పార్కులో నడిచి వచ్చింది.

"కాటన్‌ది తడిసిన చెద్దరు మోసినట్టుండె సార్. ఇగ ప్లాస్టికే కుట్టుండ్రి."

ఆడవాళ్ల కొలతలు నా భార్య తీసుకుంటుంది. లోపలి గదిలో ఆమెతో రేణుక చాలాసేపు మాట్లాడింది. వాళ్ల నాన్న అడవిలో రోజు కూలీ మీద వాచర్ పని చేస్తాడట. ఎండాకాలం మంటలు లేస్తే కొమ్మలతో కొట్టి ఆర్పాలి. బీట్ ఆఫీసర్ బండి దిగితే లేచి నిలబడాలి. "నేను బండి దిగితె గూడ మా నాయిన లేస్తడో, కూసునే ఉంటడో సూడాలె అక్కా" అని నవ్విందట. నా భార్య ఆ మాట రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. నేను తలెత్తకుండా తిన్నాను. మా ముత్తాత గుర్రం దిగితే పద్నాలుగు ఊళ్లు లేచి నిలబడేవని ఇంట్లో చెప్పుకునేవారు. లేచిన వాళ్ల పక్క నుంచి ఆ సంగతి వినడం నాకు అదే మొదలు.

ఆ చొక్కా నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. లేత బూడిద రంగు. ముదురు రంగు ఎండను ఎక్కువ పీలుస్తుంది. ఎండ చర్మానికి నేరుగా తగలకుండా నిండు చేతులు పెట్టాను, కానీ వదులుగా. చంకల కింద ఇంకా పెద్ద రంధ్రాల మెష్ ముక్కలు వేశాను. కుట్లు ఫ్లాట్‌లాక్‌లో వేశాను, అంటే లోపలి వైపు గట్టు లేకుండా చదునుగా పడే కుట్టు. గంటల నడకలో మామూలు కుట్టు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. ఆమె అడిగినట్టు నడుము కిందికి పొడవు ఉంచాను. కుట్టడం అయ్యాక తిరగేసి చూసుకుంటే నాకే తృప్తి అనిపించింది.

ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు చెప్పాను. లోపల కాటన్ బనియన్ వద్దు, అది తడిసి ఈ చొక్కా పని చెడగొడుతుంది. చున్నీ మెడకు చుట్టుకోవద్దు. కొత్తగా వేసుకుని పోవద్దు, రెండుసార్లు ఉతికి, వేసుకుని నడిచి అప్పుడు పో. నీళ్లు తాగుతూ ఉండు. ఆమె అన్నిటికీ తలూపింది. పరీక్ష అయ్యాక తనే వచ్చి చెబుతానని వెళ్లింది.

పరీక్ష రోజు పోయింది. వారం పోయింది, ఇంకో వారం పోయింది. నెగ్గిన పిల్లలు ఆ సాయంత్రమే స్వీటు డబ్బాతో వస్తారు. రానివాళ్లను గురించి నేను ఆరా తీయను. ఆమె విషయంలో మాత్రం నా భార్యే రెండుసార్లు అడిగింది, ఆ అమ్మాయి వచ్చిందా అని.

వచ్చింది, నెల దాటాక. ఒక్కతే రాలేదు. వెంట ముప్పై దాటిన సన్నటి మనిషి. అశోక్‌నగర్‌లో చాలామంది పిల్లలకు అతను భాస్కరన్న. ఏళ్లుగా పరీక్షలు రాస్తూ, తన నోట్సు అందరికీ పంచుతూ, లైబ్రరీలో చోటు దొరకని వాళ్లకు చోటు ఇప్పిస్తూ ఉంటాడు. రేణుకకు రాత పరీక్షకు పాఠాలు చెప్పింది అతనే. ఆ పరీక్షకు పోయిన గుంపుకంతా పెద్ద.

రేణుక ఉతికి మడత పెట్టిన బూడిద రంగు చొక్కా బల్ల మీద పెట్టింది. అతను దాని పక్కన ఒక నల్ల టీషర్ట్ పెట్టాడు.

"పన్నెండో కిలోమీటర్ కాడ పడిపోయిన సార్" అంది రేణుక.

తర్వాత జరిగిందంతా నెమ్మదిగా చెప్పింది. తెల్లవారుజామునే రమ్మన్నారట. జనం ఎక్కువ. పత్రాలు, బీపీ చూడటాలు అయ్యి నడక మొదలయ్యేసరికి ఎండెక్కింది. మొదటి సగం తేలికగానే నడిచింది, తన వయసు కన్నా చిన్నవాళ్లను దాటింది. ఆ తర్వాత లోపల ఉక్క. చెవుల్లో హోరు. చెమట కారుతున్నా ఒళ్లు మండుతూనే ఉంది. దారిలో ఆడవాళ్లు ఒంటికి పోవడానికి చాటు లేదని ముందే విని, నీళ్లు కూడా తక్కువే తాగింది. చివరికి కాళ్లు తడబడుతున్న సంగతి చూసేవాళ్లకు తెలిసింది కానీ ఆమెకు తెలియలేదు. కళ్లు తెరిచేసరికి చెట్టు కింద పడుకోబెట్టి తల మీద నీళ్లు పోస్తున్నారు.

నాకు మొదట వచ్చిన మాట ఒక్కటే. "నేను కుట్టింది వేసుకోలేదా?"

"ఏసుకున్న సార్. మీది లోపట, గిది పైన."

నల్ల టీషర్ట్‌ను చేతిలోకి తీసుకున్నాను. మందంగా, దగ్గరగా అల్లిన బట్ట. ముందూ వెనకా ఒక కోచింగ్ సెంటర్ పేరు, ఫోన్ నంబర్, పెద్ద పులి బొమ్మ. అన్నీ రబ్బర్ ప్రింట్. అంటే రంగు పోగుల్లోకి దిగదు, బట్ట మీద పొరలా గడ్డ కడుతుంది. ఆ పులి ఛాతీ అంతా పరుచుకుని ఉంది.

ఆ సెంటర్ వాళ్లు గుంపు మొత్తానికి టీషర్టులు ఊరికే ఇచ్చారట. మొదలుపెట్టే చోట అందరూ ఒకే రకంగా నిలబడి ఫొటో దిగాలని భాస్కరన్న చెప్పాడు. అశోక్‌నగర్‌లో ఇది ఆనవాయితీ. ఊళ్ల నుంచి విడివిడిగా వచ్చిన పిల్లలకు బ్యాచ్ టీషర్ట్ అంటే ఇంటిపేరు లాంటిది. రేణుక కాదనలేకపోయింది. ఫొటో అయ్యాక పైది తీసేద్దామనుకుంది. ఈలోగా అధికారులు వచ్చి చెస్ట్ నంబర్ గుడ్డను పిన్నులతో పైదాని మీదే పెట్టేశారు. నంబర్ కదిలినా, కనపడకపోయినా నడక లెక్కలోకి రాదన్నారు. వరుసలో నిలబెట్టారు. ఇక రోడ్డు మీద, అంతమంది మగవాళ్ల మధ్య, ఎక్కడ తీస్తుంది?

బల్ల మీది గ్లాసులోంచి కొన్ని నీళ్లు తీసి టీషర్ట్ మీద పులి బొమ్మ ఉన్నచోట చల్లాను. అవి ముత్యాల్లా నిలిచాయి, బట్ట వంచితే జారి బల్ల మీద పడ్డాయి. బూడిద రంగు చొక్కా మీద చల్లాను. చుక్క పరుచుకుని, ఫ్యాను గాలికి మేము చూస్తుండగానే ఆరడం మొదలైంది. నా చొక్కా తన పని తాను చేసింది. చెమటను చర్మం నుంచి లాగి వెలుపలి ముఖానికి తెచ్చింది. అక్కడ దానికి గాలి తగల్లేదు, రబ్బరు తగిలింది. ఆరాల్సిన నీరు రెండు బట్టల మధ్య ఆవిరిలా ఉడికింది. నా నిండు చేతులు, నేను గర్వపడ్డ పొడవు కూడా అప్పుడు ఆమెకు అదనపు పొరలే.

భాస్కరన్న ఆ బల్ల మీద నీళ్లనే చూస్తున్నాడు.

"సార్, ఒక్క మాట నిజం చెప్పుండ్రి. గీ టీషర్ట్ లేకుంటె ఆమె నడిచేదా?"

ఇలాంటి ప్రశ్నకు ఓదార్పుగా జవాబు చెప్పవచ్చు. మా ఇంట్లో అడిగినదానికి జవాబు చెప్పడమే నేర్పారు.

"నడిచేదో లేదో నాకు తెల్వదు. నీళ్లు తాగలేదు, ఎండ ఉన్నది, పొద్దెక్కింది. బట్ట ఒక్కటే కారణమని నేననను. కానీ ఆ వేడిల ఈ టీషర్ట్ మంచి చేయలేదు. అది మాత్రం చెప్పగలను."

అతను తల పట్టుకున్నాడు. తన వల్లే ఒక ఉద్యోగం పోయిందని, ఫొటోకు పోయి పిల్ల పాణం మీదికి తెచ్చానని, ఇంకా ఏదో గొణిగాడు. రేణుక అతని వైపు తిరిగింది.

"అన్నా, ఏసుకోమన్నది నువ్వు. వద్దననిది నేను. సార్ కుట్టింది ఇడిస్తె సార్‌కు బాధ, నువ్విచ్చింది ఇడిస్తె నీకు బాధ. ఇద్దరికి బాధ కావొద్దని రెండూ ఏసుకున్న. ఒకటి వద్దనాలన్న బుద్ధి నాకే రాలే."

నా భార్య లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకుంటూ రేణుక ఆమెకు మాత్రమే చెప్పినట్టు చెప్పింది. పరీక్ష అయ్యే చోటికి వాళ్ల నాన్న పొద్దున్నే బస్సెక్కి వచ్చి, తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడట. ఆమెను జీపులో అక్కడికి తెచ్చి దించారట.

"బండి దిగిన అక్కా. మా నాయిన లేచి నిలవడ్డడు."

నా భార్య ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నేను బయట రోడ్డు వైపు చూశాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు వైపు ఆటోలు పోతూ ఉన్నాయి.

వెళ్లేముందు రేణుక బూడిద రంగు చొక్కా నా వైపు జరిపింది, ఇంకెవరికైనా పనికొస్తుందని. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి ఇవ్వనని చెప్పి వెనక్కి ఇచ్చేశాను. నా గొంతు కావలసిన దానికన్నా గట్టిగా వచ్చిందని నా భార్య తర్వాత అంది. ఆ అమ్మాయి దాన్ని సంచిలో పెట్టుకుని, దండం పెట్టి వెళ్లింది. తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి ఆమెకు వయసు దాటిపోయింది. ఇప్పుడు అచ్చంపేటలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతోందని భాస్కరన్న చెప్పాడు. వాళ్ల నాన్న ఇంకా అడవిలోనే ఉన్నాడు.

ఇన్నేళ్లు బట్ట గురించే చదివాను. బట్టకూ శరీరానికీ మధ్య ఏం జరుగుతుందో చెప్పమంటే గంటసేపు చెప్పగలను. లోపల ఏం వేసుకోవద్దో ఆ రోజు వివరంగా చెప్పాను. పైన ఏం వేసుకుంటావని అడగలేదు. పైన ఇంకొకటి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. చొక్కా ఒంటరిగా ఉండదు. దాన్ని వేసుకున్న మనిషికి ఒక గుంపు ఉంటుంది, ఆ గుంపుకు ఒక పెద్ద ఉంటాడు, కాదనలేని మొహమాటం ఉంటుంది. మంచి బట్ట ఇస్తే చాలు, మంచి జరుగుతుందనుకున్నాను. ఇప్పుడు నడకకైనా పరుగుకైనా బట్ట కుట్టించుకోవడానికి ఎవరు వచ్చినా, దీని మీద ఇంకేమైనా వేసుకోమని ఎవరైనా అన్నారా, నంబర్ ఎక్కడ పెడతారు అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ.

ఒక సంగతి మాత్రం అడగడంతో తీరదు. బ్యాచ్ టీషర్ట్ వేసుకోవద్దని ఈ పిల్లలకు చెప్పలేం. చెప్పినా ఫొటో దగ్గర మళ్లీ అదే జరుగుతుంది. అందుకని ఆ టీషర్టే పల్చగా, గాలి ఆడేలా ఉండాలి. దానికి సబ్లిమేషన్ అనే పద్ధతి ఉంది. వేడికి రంగు ఆవిరై పోగుల్లోకే దిగిపోతుంది, పైన పొర కట్టదు. పేరూ బొమ్మా ఎంత పెద్దగా ఉన్నా బట్ట ఊపిరి ఆగదు. కానీ అప్పట్లో మా దుకాణంలో ప్రింటింగే లేదు. మేము కుట్టిన బట్ట మీద పరాయి పేర్లు వేయడం నాకు సరిపడేది కాదు, ఆ పని మీద వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేవాణ్ని.

కరోనా తగ్గాక, కానిస్టేబుల్ పరుగుకు పోయే బ్యాచ్ కోసం భాస్కరన్న మా షట్టర్ ముందు నిలబడ్డాడు. లోపలికి రావడానికి సందేహించాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. మెష్ బట్ట అతనే నోటికి ఆనించి ఊది చూసుకున్నాడు. దాని మీద పులి బొమ్మ పడుతుందా సార్ అని అడిగాడు. పడుతుందని చెప్పాను. ప్రింటింగ్ మెషిన్ కొనడానికి, మా ఇంట్లో అప్పటిదాకా మిగిలి ఉన్న తాతగారి షేర్వాణీ బంగారు గుండీలను, గొలుసుతో సహా ఆబిడ్స్‌లో అమ్మాను.